తుపాకి గొట్టములోని మెలిక

బొంగరము నెరుగని బాలుడు మన పాఠశాలలో నుండడు. తిరుగుచున్నంతసేపు అది మేకు మొనమీద నిటారుగా నిలుచును. తిరుగుట మానినతోడనే ప్రక్కకు వ్రాలిపోవును. చేతితో ఎంత నేర్పుగా నిలువబెట్టినను నిలువని కొయ్యముక్కను భ్రమణము నిలువబెట్టుచున్నది. రైఫిలు తుపాకిలోని రహస్యమును ఇదియే. నున్నని గొట్టముగల పాతకాలపు తుపాకికిని రైఫిలునకును గల ముఖ్యభేదము, గొట్టపు లోపలి గోడపై మెలికలుగా చెక్కబడిన సన్నని గాడులలో నున్నది. ఆ గాడుల నడుమ మిగిలిన గట్లు గుండు మేనిలోనికి కొంచెముగా దిగి, దానిని పట్టుకొని త్రిప్పును. తిరుగు గుండు ముక్కును ముందునకే యుంచి పోవును. తిరుగని కోలగుండు గాలిలో పల్టీలు కొట్టును.

గుండును త్రిప్పవలెనని అందరు నెరుగుదురు. ఎంత త్రిప్పవలెను అను ప్రశ్నయే కష్టమైనది. గుండు ఒక పూర్తి చుట్టు తిరుగునప్పటికి గొట్టములో ఎన్ని అంగుళములు ముందునకు సాగునో ఆ కొలతను మెలిక కొలత యందురు. 10 అంగుళముల కొక చుట్టు తిరిగినచో అది బిగువైన మెలిక. 78 అంగుళముల కొక చుట్టు తిరిగినచో అది వదులైన మెలిక. అంకె చిన్నదైనకొలది మెలిక బిగువగునని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మెలిక ఎంత బిగువైన గురి అంత మేలని కొందరును, బరువైన గుండునకు బిగువైన మెలిక కావలెనని మరికొందరును తలచుచుందురు. మొదటి మాట పొరపాటు. రెండవది సగము నిజము. మెలికను నిర్ణయించునవి ముఖ్యముగా గుండుయొక్క పొడవును, అది చీల్చుకొని పోవు గాలియొక్క సాంద్రతయును. ఈ సంగతిని చరిత్రలోని కొన్ని నిజమైన ఉదాహరణములతో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మెలికయొక్క స్వరూపమును గ్రహించుటకు తుపాకి అక్కరలేదు. కాగితమును పెన్సిలును చాలును. కాగితమును లంబకోణ త్రిభుజముగా కత్తిరించి, దాని నిలువు భుజమును పెన్సిలు పొడవున ఆనించి, చుట్టలుగా చుట్టుడు. త్రిభుజముయొక్క వాలుభుజము పెన్సిలుపై మెట్లదారివలె చుట్టుకొని పోవును. గాడి నడక అట్టిదే. అయితే నిజమైన తుపాకిలో ఆ వాలు చాల స్వల్పము. 0.22 అంగుళపు గొట్టముయొక్క చుట్టుకొలత ఇంచుమించు 0.69 అంగుళము, దాని మెలిక సాధారణముగా 16 అంగుళముల కొకచుట్టు. అనగా గాడి 16 అంగుళములు సాగునప్పటికి ముప్పాతిక అంగుళముకంటె తక్కువగా ప్రక్కకు జరుగును. గొట్టములోనికి తొంగిచూచిన వానికి అది దాదాపు తిన్నని గీతవలెనే కనబడును. కాని సెకనుకు 1,080 అడుగుల వేగముతో వెడలు గుండును ఆ స్వల్పమైన వాలే సెకనుకు 810 చుట్లు త్రిప్పుచున్నది.

ఇక గుండు పల్టీ కొట్టుట కేమి కారణము? బాణమును తలచుకొనుడు. దాని బరువు ముందుభాగమున ములికి వైపున నున్నది. గాలి పట్టుకొను ఈకలు వెనుక నున్నవి. బాణము కొంచెము వంకరపోయినచో గాలియే ఈకలను వెనుకకు నెట్టి దానిని సరిచేయును. తుపాకి గుండు ఇందుకు విరుద్ధము. దాని ముక్కు సన్నము, వెనుకభాగము లావు. కావున భారకేంద్రము వెనుకకు చేరియుండును. గాలి త్రోపు పనిచేయు కేంద్రము దానికి ముందున్నది. ముక్కు వెండ్రుకవాసి ప్రక్కకు తిరిగినను గాలి దానిని మరింత త్రిప్పివేయ జూచును. అట్లు త్రిప్పివేయబడకుండ కాపాడునది భ్రమణమొక్కటియే. చక్కగా తిరుగుచున్న బొంగరమును ప్రక్కకు త్రోసినచో అది పడిపోక, తల నాడించుచు మెల్లగా వలయము త్రిప్పును. తగినంతగా తిరుగు గుండు సైతము అట్లే ముక్కు నొక చిన్న వలయముగా నాడించి, క్రమముగా కుదుటపడి, గురివైపునకు సాగిపోవును.

ఇందలి శాస్త్రమునకు పునాది వైచినవారిలో ప్రధానుడు బెంజమిన్ రాబిన్సు. ఈయన 1707లో ఇంగ్లండునందలి బాత్ నగరమున, యుద్ధమును పాపమని యెంచు క్వేకరు కుటుంబమున జన్మించెను. కాని తుపాకి గుండ్ల గమనమును గణితమునకు లోబరచుటకే పూనుకొనెను. 1742లో ఆయన ప్రకటించిన గ్రంథమును ఆయిలరు మహాశయుడు జర్మను భాషలోనికి పరివర్తించి, విపులమైన వ్యాఖ్యను కూర్చెను. నున్నని గొట్టమునుండి వెడలిన గుండ్రని గుండు గొట్టపు గోడనొరసికొని ఏదో యొకవైపునకు తిరుగుచు పోవుననియు, ఆ తలవని తిరుగుడే దానిని దారి తప్పించుననియు రాబిన్సు వాదించెను. ఇది నిరూపించుటకు ఆయన తుపాకి గొట్టపు మూతిని ఎడమకు వంచి కాల్చి చూపెను. గుండు మొదట ఎడమకే బయలుదేరెను. కాని వంపులోని కుడివైపు గోడపై దొర్లుటచే కలిగిన తిరుగుడువలన పోను పోను కుడికి వంగెను. తిరుగుడు తప్పనప్పుడు దానిని మనమే నియమించి, తిరుగు ఇరుసును ప్రయాణపు దిక్కునకే నిలుపవలెను. మెలిక గాడులు చేయుపని యదియే యని ఆయన 1747లో రాయల్ సొసైటీ వారికి నివేదించెను. రాబిన్సు జీవితముయొక్క చివరిభాగము మన దక్షిణదేశముతో ముడిపడియున్నది. ఈస్టిండియా కంపెనీవారి కోటలను బాగుచేయు ఇంజనీరుగా 1750లో ఆయన ఇచ్చటికి వచ్చి, మరుసటి యేట జులై నెలలో, కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో జ్వరపీడితుడై మరణించెను.

రాబిన్సు చెప్పిన మాట సేనలకెక్కుటకు నూరేండ్లు పట్టెను. గాడులలో బిగియునట్టి గుండును మూతినుండి లోనికి దిగగొట్టుట ఆలస్యమగు పని. 1849లో ఫ్రెంచి సైనికోద్యోగియగు మినీ యీ చిక్కును విడదీసెను. ఆయన గుండు వదులుగా లోనికి జారును. మందు పేలినపుడు దాని బోలు అడుగుభాగము ఉబ్బి గాడులలో బిగియును. ఆ పద్ధతిననుసరించి 1853లో ఆంగ్లేయులు చేయించినదే ఎన్‌ఫీల్డు రైఫిలు. గొట్టము 39 అంగుళములు, మెలిక 78 అంగుళముల కొకచుట్టు. అనగా గుండు మూతి దాటునప్పటికి సరిగా అరచుట్టు మాత్రమే తిరుగును. గొట్టములోనికి సులభముగా జారుటకై దాని తూటా కాగితమునకు పూసిన క్రొవ్వే 1857లో మన సిపాయిల యాగ్రహమును రగిల్చిన సంగతి చరిత్రపాఠములలో చదివియే యున్నారు.

ఎన్‌ఫీల్డు తుపాకులను యంత్రములచే చేయించు విషయమున 1854లో ఆంగ్ల ప్రభుత్వమువారు మాంచెస్టరు నివాసియగు జోసఫ్ విట్‌వర్తు అను ప్రసిద్ధ యంత్రనిర్మాత సలహా కోరిరి. మరల నడిగినది ముందు తెలిసికొని గాని యంత్రము చేయనని ఆయన తలంచెను. మంచి గొట్టమునకు ఉండవలసిన లక్షణములేవో నిర్ణయింపక, చెడ్డ గొట్టమునే వేలకొలది చేయు యంత్రమును నిర్మించుట వృథాకదా! గాలివాటు తగులకుండ 500 గజముల పొడవున పైకప్పుగల శాలను కట్టించి, పలువిధముల మెలికలుగల గొట్టములను అందు పరీక్షించెను. తుదకాయన ఏర్పరచిన గొట్టముయొక్క వ్యాసము 0.451 అంగుళము, మెలిక 20 అంగుళముల కొకచుట్టు, లోపలి ఆకారము ఆరుపలకలు.

ఇచ్చట గమనింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. రెండు తుపాకుల గుండ్లును బరువున సమానములు. ఒక్కొక్కటి 530 గ్రెయినులు. అయినను ఎన్‌ఫీల్డు గుండు లావై పొట్టిగా నుండెను. దాని పొడవు వ్యాసమునకు ఇంచుమించు రెండు రెట్లు. విట్‌వర్తు గుండు సన్నమై, పొడవు వ్యాసమునకు సుమారు 3¼ రెట్లు. సన్నని గుండు గాలిని సులభముగా చీల్చుకొని దూరము పోవును. కాని పొడుగైనందున గాలి దానిని పల్టీకొట్టించుట కెక్కువ పట్టు చిక్కును. కావున బరువు మారకున్నను మెలిక నాలుగురెట్లు బిగువుగా నుండవలసివచ్చెను.

ఫలితమెట్లుండెను? 1857లో హైత్ అను చోట రెండింటిని ప్రక్క ప్రక్కన పరీక్షించిరి. 500 గజముల దూరమున ఎన్‌ఫీల్డు గుండ్లు నడిమి స్థానమునుండి సగటున 2.24 అడుగులు తొలగెను. విట్‌వర్తు గుండ్లు 0.37 అడుగు మాత్రమే తొలగెను. 1,400 గజముల దూరమున ఎన్‌ఫీల్డు గుండ్లు గురిపలకనే తాకలేదు. విట్‌వర్తు గుండ్లు ఇంకను సగటున 4.62 అడుగులలోపల పడుచుండెను. 1860లో వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి, బల్లపై బిగించిన విట్‌వర్తు తుపాకిని త్రాడులాగి పేల్చగా, 400 గజముల దూరమున గుండు నడిమిచుక్కకు 1¼ అంగుళములో పడెను. అయినను సేనాధికారులు దానిని స్వీకరింపలేదు. వెల అధికము; సన్నని గొట్టము మందుమసిచే త్వరగా పూడుకొనిపోవును. కాని ఆయన నేర్పిన పాఠము వృథా కాలేదు. 1871లో సేనలో ప్రవేశపెట్టిన మార్టిని-హెన్రీ రైఫిలు వ్యాసము 0.45 అంగుళము, మెలిక 22 అంగుళముల కొకచుట్టు.

దూరమే రక్షణమని నమ్మువారి కీ మార్పు ఎంత ప్రమాదకరమో అమెరికా అంతర్యుద్ధము చూపినది. 1864 మే 9వ తేదీన స్పాట్సిల్వేనియా రణరంగమున సెడ్జివిక్కు సేనాపతి, గుండ్లకు జంకి తలలు వంచుచున్న తన సైనికులను మందలించుచు, ఆ దూరమునుండి శత్రువులు ఏనుగునైనను కొట్టజాలరని చెప్పెనట. కొలది క్షణములలో కంటిక్రింద గుండు తగిలి ఆయన నేలకొరిగెను. ఆ గుండు విట్‌వర్తు తుపాకిదే యని పలువురి నమ్మకము. నున్నని గొట్టముల కాలమున సత్యమైన మాట, మెలిక గొట్టముల కాలమున ప్రాణాంతకమయ్యెను.

విట్‌వర్తు పరీక్షలచే కనుగొన్న దానిని సూత్రముగా కూర్చినవాడు, ఊలిచ్‌లో ఫిరంగిసేనాధికారులకు గణితము బోధించిన ఆచార్య గ్రీన్‌హిల్. 1879లో ఆయన చూపిన సూత్రము మన ఫోర్తుఫారము బాలురు సైతము చేయదగినంత సులభము. గుండు పొడవును దాని వ్యాసముచే భాగింపుడు. వచ్చిన అంకెచే 150ని భాగింపుడు. ఆ ఫలమును మరల వ్యాసముచే గుణింపుడు. వచ్చినది తగిన మెలిక, అంగుళములలో. విట్‌వర్తు గుండునకు దీనిని వర్తింపజేయుదము. పొడవు వ్యాసమునకు 3¼ రెట్లు. 150ని 3¼ చే భాగించిన ఇంచుమించు 46, దానిని 0.45 చే గుణించిన సుమారు 21 అంగుళములు. విట్‌వర్తు ఇరువదియేండ్లకు పైగా ముందే పరీక్షలచే నిర్ణయించినది 20! చేతి అనుభవమును కాగితపు గణితమును ఒక్కచోట కలిసికొనుట చూచుటకంటె విద్యార్థికి సంతోషకరమేమున్నది? సూత్రములో బరువు ప్రస్తావన లేకుండుట గమనింపుడు. ఒకే లావుగల సీసపు గుండ్లలో బరువైనది పొడుగుగా నుండును. అందుచేతనే బరువుకే బిగువైన మెలిక కావలెనను భ్రమ కలిగినది. సీసముకంటె తేలికయైన రాగితో గుండు చేసినచో, బరువు సమానమైనను పొడవు పెరుగును. దానికి మరింత బిగువైన మెలిక కావలెను. గ్రీన్‌హిల్ సూత్రము సీసపు గుండ్లకే చక్కగా సరిపడును. ఇప్పటివారు వేగమును, బరువును, గాలి సాంద్రతను సైతము లెక్కించు సూత్రములను వాడుచున్నారు.

రెండు ప్రపంచ యుద్ధములలోను మన దేశపు సైనికులు చేతబట్టిన 0.303 లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు మెలిక 10 అంగుళముల కొకచుట్టు, అదియు ఎడమవైపునకు. 1910లో వచ్చిన దాని ఏడవ మార్కు తూటాయొక్క గుండు సెకనుకు 2,440 అడుగుల వేగముతో వెడలును. అడుగులను అంగుళములు చేసి పదిచే భాగించిన సెకనుకు 2,928 చుట్లు వచ్చును. గాలి రాపిడిచే గుండు ముందునకు పోవు వేగము త్వరగా తగ్గును. తిరుగువేగము మాత్రము మెల్లగా తగ్గును. కావున మూతివద్ద నిలుకడగల గుండు సాధారణముగా దారిలో దానిని పోగొట్టుకొనదు. అయితే తిరుగు గుండు తిరుగువైపునకే కొంచెముగా జరుగుచుండును. కుడిమెలికయైన కుడికి, ఎడమమెలికయైన ఎడమకు. దూరపు గురిలో దీనినికూడ లెక్కింపవలెను.

ఇక గాలి సంగతి. అమెరికావారు 1960 ప్రాంతములందు స్వీకరించిన ఎమ్-16 రైఫిలునకు మొదట 14 అంగుళముల మెలిక యుండెను. ఎండదేశములందు అది చక్కగనే పనిచేసెను. కాని ఫారెన్‌హీటు మానమున సున్నకు 65 డిగ్రీలు క్రిందుగానున్న ఘోరమైన చలిలో పరీక్షింపగా గుండ్లు తడబడెను. కారణమిది: చల్లని గాలి దట్టమైనది. ఆ చలిలోని గాలి, 59 డిగ్రీల గాలికంటె సుమారు నూటికి 31 వంతు లెక్కువ సాంద్రతగలది. గాలి దట్టమైనకొలది గుండును పల్టీకొట్టించు బలము పెరుగును. 1963లో మెలికను 12 అంగుళములకు బిగించిరి. రెండంగుళముల మార్పు స్వల్పముగా తోచును. కాని గుండు నిలుకడ భ్రమణవేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 14ను 12చే భాగించి, వచ్చినదానిని వర్గము చేసిన 1.36, అనగా నిలుకడ నూటికి 36 వంతులు హెచ్చినది. చలి తీసికొనిన 31ని మెలిక తీర్చివేసినది. సైనికుని ప్రాణము ఎండలోను మంచులోను ఒక్కటియే గావున, అన్ని ఋతువులకు తగినట్లు మెలిక నేర్పరచుట శాస్త్రజ్ఞుని బాధ్యత. తరువాత 1980లో నాటో కూటమివారు పొడుగైన క్రొత్త గుండును స్వీకరింపగా, 12 అంగుళముల పాతగొట్టములు దానిని సరిగా త్రిప్పజాలక పోయెను. వెలుగుచార విడుచుచు పోవు గుండు అంతకంటెను పొడుగైనది. దానికొరకై అమెరికావారు మెలికను 7 అంగుళములకు బిగించిరి.

అట్లయిన ప్రతి గొట్టమునకును మిక్కిలి బిగువైన మెలికయే పెట్టరాదా యని అడుగవచ్చును. రాదు. ఏ గుండును సంపూర్ణముగా సమతూకముతో నుండదు. భారకేంద్రము నడిమి రేఖనుండి అంగుళములో వెయ్యవవంతు తొలగియున్నదనుకొందము. గొట్టములో నున్నంతసేపు అది ఆ రేఖచుట్టు తిరుగును. మూతి దాటినతోడనే, వడిసెలనుండి విడివడిన రాయివలె, ప్రక్కకు జారును. 10 అంగుళముల మెలికతో, 100 గజముల దూరమున ఈ తప్పు 2¼ అంగుళములగును. 5 అంగుళముల మెలికతో 4½ అంగుళములగును. మెలిక రెట్టింపైన తప్పును రెట్టింపగును. మరియు పలుచని తొడుగుగల గుండ్లు మితిమీరిన తిరుగుడుచే గాలిలోనే చెదరిపోవచ్చును. అతి దూరమునకు ఎత్తుగా పోవు గుండు, దారి క్రిందికి వంగునపుడు తన ముక్కునుగూడ వంచుకొని పోవలెను. అతిగా బిగిసిన భ్రమణము అట్లు వంగనీయదు. కావున గుండునకు చాలినంతయు, కొంత చేతినిల్వయు ఉన్న మెలికయే ఉత్తమము. నిపుణులు పల్టీ ఆరంభమగు హద్దును 1 అని యెంచి, 1.4 లేక 1.5 నిలుకడ నుంచుకొందురు.

ఎన్.సి.సి. దళమున చేరి 0.22 రైఫిలుతో గురి నేర్చుకొను విద్యార్థుల కిందుండి రెండు ప్రయోజనములు కలవు. మొదటిది, గురికాగితమును చదువుట. గుండ్రని రంధ్రము పడినచో గుండు ముక్కు ముందుగా వచ్చినదని యర్థము. తాళపుచెవి దూరు రంధ్రమువలె కోలగా పడినచో అది అడ్డముగా వచ్చినదని యర్థము. మెలిక చాలకపోవుటయో, గాడులు అరిగిపోవుటయో, గుండు వికారమగుటయో కారణము కావచ్చును. వెంటనే కాల్చుట మాని ఉపాధ్యాయునకు చెప్పవలెను. పల్టీకొట్టు గుండు ఎచ్చట పడునో చెప్పుట కష్టము. కాని రంధ్రములన్నియు గుండ్రముగానే యుండి చెదరియున్నచో గొట్టమును నిందింపక ముందు తన శ్వాసను, భుజమును, వ్రేలిని పరీక్షించుకొనవలెను. రెండవది, మెలికను కొలుచుట. అధికారి యెదుట, తూటా లేదని రూఢి చేసికొని, కీలు తీసివేసిన గొట్టములోనికి బిగువైన గుడ్డపేలిక చుట్టిన కడ్డీని దూర్చవలెను. పిడి స్వేచ్ఛగా తిరుగునట్టి కడ్డీ కావలెను. కడ్డీపై ఒక గుర్తు పెట్టి, మెల్లగా త్రోయుచు, ఆ గుర్తు ఒకచుట్టు తిరిగి మరల పైకి వచ్చునప్పటికి కడ్డీ ఎంత లోనికి పోయెనో కొలిచినచో అదియే మెలిక కొలత.

హైదరాబాదునకు చెందిన గగన్ నారంగు 2012లో లండను ఒలింపిక్కు క్రీడలలో 10 మీటర్ల గాలితుపాకి పోటీయందు కాంస్యపతకము నందెను. ఆ పోటీలో గురికాగితపు నడిమిచుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. అంతటి గురికి మనుష్యుని ఓర్పు ఎంత యవసరమో, కంటికి కనబడని ఆ గాడుల వాలు సరిగానుండుటయు అంత యవసరము. కోట్లకొలది తుపాకులు లోకమునకు కీడు చేసినవనుట నిజమే. అయినను వాని గొట్టములలో దాగిన గణితము ఎవరికిని కీడు చేయదు. భూమి ఇరుసు తిరుగుటను, ఓడ దిక్కుతప్పకుండ నడపు తిరుగుచక్రమును మనకు బోధించునది ఆ గణితమే. ఈ సెలవులలో బొంగరము త్రిప్పునపుడు దాని తల ఆడుటను కొంచెముసేపు నిలిచి చూడుడు. వేగము తగ్గినకొలది ఆ వలయము ఎట్లు పెద్దదగునో, ఎచ్చట హద్దు దాటి పడిపోవునో గమనింపుడు. గ్రీన్‌హిల్ గణించినదియు, విట్‌వర్తు కొలిచినదియు ఆ హద్దునే.